నడిచే కారును నూకిన రోజు

మొన్న హైదరాబాదులో ఒక కార్ల దుకాణంలో నాకు విపరీతమైన కోపం వచ్చింది. ఎనభై ఎప్పుడో దాటినవాడికి కోపం రాకూడదనీ, వస్తే బీపీ పెరుగుతుందనీ, అది పెరిగితే ఇంటిల్లిపాదీ పరేషాన్ అవుతారనీ మా ఇంట్లో ఒక శాసనం ఉంది కాబట్టి అక్కడ మింగి ఊరుకున్నాను గానీ, ఇంటికి వచ్చాక కూడా అది దిగలేదు, అన్నం సయించలేదు, అందుకే కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. జరిగింది చెబితే మీలో కొందరు ఇంత చిన్నదానికా అంటారు. పూర్తిగా చదివాక అనండి.

మా కూతురి కొడుకు కరీంనగర్లో రాళ్ళ వ్యాపారం చేస్తాడు. మంచివాడే, కాకపోతే చిన్నప్పటి నుంచీ కార్ల పిచ్చి, ఆ పిచ్చి ఎక్కడి నుంచి వచ్చిందో ఇంట్లో ఎవరూ ఆలోచించిన పాపాన పోలేదు. వాడు ఏదో విదేశీ స్పోర్ట్స్ కారును టెస్ట్ డ్రైవ్ చేయడానికి పోతూ నన్నూ వెంటబెట్టుకుపోయాడు. ఎర్రటి బండి, నేలకు ఆనుకుని ఉంది, ఇద్దరికే చోటు. అక్కడ టై కట్టుకున్న ఒక కుర్రవాడు, పాపం మర్యాద తెలిసినవాడే, నా చెవి దగ్గర వంగి చిన్నపిల్లవాడికి చెప్పినట్టు గట్టిగా, టెస్ట్ డ్రైవ్ అంటే కొనేముందు నడిపి చూడటం తాతగారూ అన్నాడు. అంతటితో ఆగాడా, ఇలాంటి బండిని ఎప్పుడైనా దగ్గర నుంచి చూశారా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా మనుమడు నవ్వుతూ, మా తాత బస్సు డ్రైవరు, ఆయనకు బస్సు తప్ప ఇంకేం తెలుసు అనేశాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

చూడటమేమిటి, నడిపాను. వాడి తల్లి కూడా పుట్టకముందు, హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ అని కొత్తగా బోర్డులు మారుతున్న రోజుల్లో, కరీంనగర్ పోయే పెద్ద సడక్ మీద, అలాంటి బండిని నా ఈ రెండు చేతులతో గాలితో పందెం వేసి నడిపాను. ఆ తర్వాత అదే బండిని, ఇంజను ముత్యంలా పనిచేస్తుండగా, దిగి నూకాను. ఎందుకు నూకావని ఆ టై కుర్రవాడు అడిగితే నేను చెప్పేది వాడికి అర్థం కాదు, మా మనుమడికీ కాదు, మీకవుతుంది. మన ఈడు వాళ్ళకు ఆ దిక్కుమాలిన కాలం ఇంకా ఒంటి మీద ఉంది.

మా బాపు వడ్రంగి, బండ్లు చేసేవాడు. మానేరు వాగుకు ఇవతల మా ఊళ్ళోనూ చుట్టుపట్ల ఊళ్ళలోనూ తిరిగే ఎడ్లబండ్లలో సగం ఆయన బాడిశ కింద పుట్టినవే. కొత్త బండి తయారైతే మొదట తానే ఎక్కి ఊరి చివరి దాకా తోలి, ఇరుసు ఎక్కడ మొరాయిస్తోందో చెవితో విని వచ్చేవాడు. నన్నూ ఆ పనిలోనే పెట్టాలని ఆయన ఆశ. కానీ పోలీసు యాక్షన్ నాడు మిలిటరీ ట్రక్కులు మా ఊరి మీదుగా పోతుంటే పిల్లలందరూ గాదెల చాటుకు పరుగెత్తారు, నేనొక్కణ్ణే దారి పక్కన నిలబడి ఆ పెట్రోలు వాసన పీల్చుకుంటూ ఉండిపోయానని నన్ను కన్న మా అవ్వ చచ్చిపోయేదాకా చెప్పుకుని తిట్టేది. ఆ వాసన నన్ను వదల్లేదు. మీసం వచ్చీరాకముందే కరీంనగర్ పోయి ఒక మోటారు షెడ్డులో చేరాను. అక్కడి ఉస్తాద్ ముసలి సాయెబు, నోటి దురుసు, చేతి మంచితనం రెండూ సమానంగా ఉన్నవాడు, నాకు ఇంజనును చూపించడమే కాదు, దాని మీద ప్రేమ పుట్టించాడు. ఇరవై ఏళ్ళు వచ్చేసరికి రోడ్డు మీద కనబడకుండా పోయే బండి ఏ కంపెనీదో శబ్దం విని చెప్పేవాణ్ణి, అదొక గర్వం.

ఇక గడి సంగతి. మా ఊరి నడిమధ్య ఒక గడ్డ మీద దొర ఉండే కోటలాంటి ఇల్లు, దాన్నే గడి అంటాం. ఊళ్ళోకి వచ్చే దారి ఆ గడ్డ ఎక్కి, గడి ముందు నుంచే దిగి పోతుంది, ఇంకో దారి లేదు. గడి కనబడగానే చెప్పులు విప్పి చేతపట్టుకోవాలి, భుజం మీది తువ్వాలు తీయాలి, సైకిలున్నవాడు దిగాలి, బండి మీదున్నవాడు దిగి ఎడ్ల ముందు నడవాలి. బండ్లు చేసిన మా బాపు కూడా తాను చేసిన బండి మీద కూర్చుని ఆ గడ్డ దాటి ఎరుగడు. ఇప్పుడు గడుల ఫోటోలు తీసి, ఆ దర్వాజల నగిషీ ఎంత అందమో, ఆ కాలం ఎంత గొప్పదో అని వ్యాసాలు రాసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆ దర్వాజ చెక్కింది మా తాత. చెక్కినన్ని రోజులూ ఆయన చెప్పులు గడ్డ కింద ఉన్నాయి.

పోలీసు యాక్షన్ ముందటి గడబిడలో దొర గడికి తాళం వేసి హైదరాబాదు పారిపోయాడు. గడి ఖాళీగా ఉన్న ఆ కొద్ది కాలంలో జనం బండ్ల మీద కూర్చుని, చెప్పులు టపటపలాడిస్తూ, కొందరైతే పాటలు పాడుకుంటూ ఆ గడ్డ దాటారని మా అవ్వ చెప్పేది. ఆ తర్వాత జాగీర్లు పోయాయి, చట్టాలొచ్చాయి, ఓట్లొచ్చాయి, కాగితం మీద దొరతనం చచ్చిపోయింది. ఒకనాడు దొర తిరిగొచ్చి తాళం తీయించాడు. డప్పు కొట్టించలేదు, చాటింపు వేయించలేదు, ఎవరినీ పిలిచి బెదిరించలేదు. మేడ మీద వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు, అంతే. మర్నాడు పొద్దున పొలాలకు పోయే బండ్లన్నీ గడి ముందు ఆగాయి, అందరూ దిగారు. ఎవడూ చెప్పలేదు. నా కడుపుమంట అక్కడే.

ఆ దొర అల్లుడు బొంబాయిలో చదివినవాడు, షోకిల్లా. ఆయన అక్కడి నుంచి ఒక ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు తెచ్చుకున్నాడు. సీసా పచ్చ రంగు, పైకప్పు లేదు, పొడుగాటి ముక్కు, దాని మీద బిగించిన తోలుపట్టా, సైకిలు చక్రాలకున్నట్టు సన్నటి పుల్లల చక్రాలు. బాపు ఆ కారులో మెచ్చుకున్నది ఆ చక్రాలను మాత్రమే, ఎవరూ చూడకుండా వేలితో ఒక్కో పుల్లను మీటి చూశాడట. మామా అల్లుళ్ళకు ఏదో చెడి, ఆయన ఆ బండిని గడి వెనక కొట్టంలో వదిలేసి భార్యను తీసుకుని వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి దాన్ని నడిపే నాథుడు లేడు. ఏటా దసరాకు జీతగాళ్ళు దాన్ని ముందుకు నూకుకొచ్చి కడిగి, బొట్టుపెట్టి, బంతిపూల దండ వేసి, మళ్ళీ లోపలికి నూకేవారు. మా ఊరి దృష్టిలో కారంటే నూకేది. నేను సెలవుకు ఇంటికొచ్చినప్పుడల్లా కొట్టం గోడ సందులోంచి దాన్ని చూసి, ప్రేమించిన పిల్లను ఇంకొకరి ఇంట్లో చూసినట్టు విలవిలలాడేవాణ్ణి.

చివరికి దొర దాన్ని అమ్మకానికి పెట్టాడు. బొగ్గు గనుల దిక్కు పని చేయించే ఒక ఉత్తరాది కంట్రాక్టరు కొంటానని కబురు పంపాడు. బండి నడిస్తేనే కొంటాడు కాబట్టి, బాగు చేయమని మా ఉస్తాద్‌కు పిలుపొచ్చింది, ఆయన నన్ను వెంట తీసుకుపోయాడు. కారును జీతగాళ్ళు గడి ముందు నుంచి ఎప్పటిలా నూకుకుంటూ దాటించి, ఊరి బయట చావడి పందిట్లో నిలబెట్టారు, మేము అక్కడే పని చేశాం. లోపల ఎలుకలు కాపురం పెట్టాయి, తీగలు కొరికేశాయి, కార్బరేటర్లలో పాత పెట్రోలు జిగురు కట్టింది. పట్నం నుంచి లారీ బ్యాటరీ తెప్పించాం. ఒక్కో సామాను కడిగి, తుడిచి, అద్ది, పెదవులతో ఊది పెట్టాను. మొదటిసారి ఇంజను అందుకున్నప్పుడు పందిట్లో కట్టేసిన ఎద్దు పలుపు తెంపుకుని పోయింది, ఉస్తాద్ కళ్ళు తుడుచుకున్నాడు, నేను గంతులేశాను.

కంట్రాక్టరు మర్నాడు జీపులో దిగాడు. లావాటి మనిషి, పెద్ద నవ్వు, మా ఊరి కట్టుబాట్లు ఏమీ తెలియనివాడు. ఉస్తాద్‌కు మోకాలు వంగదు, ఆ బండిలోకి మోకాళ్ళు మడిచి దిగి కూర్చోవాలి, అందుకని నడిపి చూపించే పని నా మీద పడింది. కంట్రాక్టరు పక్క సీట్లో ఇరుక్కుంటూ ఒక మాట అన్నాడు. బండి నచ్చితే బండితో పాటు నిన్నూ తీసుకుపోతాను, నడుపుకో, చూసుకో, అక్కడ నా బండ్లన్నీ నీ చేతికింద ఉంటాయి అని. ఇంకో షరతు కూడా పెట్టాడు, సడక్ మీద ఎంతయినా ఉరుకుతుంది, చివరికి గడి ముందున్న ఎత్తు ఎలా ఎక్కుతుందో చూడాలి, అక్కడే బేరం తేల్చుకుందాం అన్నాడు. ఉస్తాద్ నా భుజం తట్టి, "గియ్యాల నీ నసీబు నీ చేతులనే ఉన్నది బేటా. జర పైలం" అని జాగ్రత్త చెప్పాడు. నాకు అంతకంటే ఏం కావాలి, ఆ బండి నాదైపోయినట్టే అనుకున్నాను.

ఆ తర్వాతి గంట గురించి నేను ఎంత చెప్పినా తక్కువే. మొదట ఎడ్లబండ్ల గాడిలో పొట్ట గీసుకోకుండా నెమ్మదిగా పాకించి సడక్ ఎక్కించాను. నిజాం జమానాలో వేసిన కంకర సడక్, దాని మీద కొత్తగా తారు పోసిన ముక్క ఒకటి ఉండేది, రెండు పక్కలా వేపలు, చింతలు. అక్కడ కాలు నొక్కాను. నేనప్పటిదాకా నడిపినవి లారీలు, సర్కారు జీపులు, అవి నొక్కితే ఆలోచించి, మూలిగి, అప్పుడు కదులుతాయి, ఇది నేను అనుకోకముందే పోయింది. చెట్లు మీదికి వచ్చి వెనక్కి పడ్డాయి, కళ్ళల్లో నీళ్ళొచ్చి చెవుల వైపు పారాయి, తలకు చుట్టుకున్న రుమాలు ఎప్పుడు ఎగిరిపోయిందో తెలియదు. మలుపులో స్టీరింగు చిటికెన వేలికి కూడా మాట విన్నది. కంట్రాక్టరు మొదట దేవుణ్ణి తలచుకున్నాడు, తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు, చివరికి నా వీపు మీద చరుస్తూ శాబాష్ శాబాష్ అని అరిచాడు. వడ్రంగి కొడుకునన్నది, గడి ఉన్న ఊరివాణ్ణన్నది, నాకు ఏమీ గుర్తు లేదు. ఒట్టి మనిషిని, నా కింద ఒక మంచి యంత్రం, అంతే. ఆ గంట నా జన్మకు చాలుననుకున్నాను.

తిరుగు ప్రయాణంలో ఊళ్ళోకి వచ్చి గేరు తగ్గించి గడ్డ ఎక్కించడం మొదలుపెట్టాను. కారు చప్పుడుకు ఊరు ఊరంతా గడి ముందు చేరింది. పైన వరండాలో దొర కుర్చీలో ముందుకు వంగి చూస్తున్నాడు, బండి అమ్ముడుపోవాలని ఆయనకూ ఆత్రంగానే ఉంది. కారు హాయిగా ఎక్కుతోంది, కంట్రాక్టరు తల ఊపుతున్నాడు, ఇంకో నిమిషంలో బేరం అయిపోయేది. అప్పుడు జనంలోంచి మా బాపు వచ్చి దారి మధ్యలో నిలబడ్డాడు. రెండు చేతులూ చాచి, తువ్వాలు నడుముకు కట్టుకుని, బెదిరిన ఎద్దును ఆపేటప్పుడు నిలబడేట్టు నిలబడ్డాడు. బ్రేకు వేశాను. దగ్గరికొచ్చి, నా మొహం చూడకుండా, చిన్న గొంతుతో అన్నాడు.

"దిగు బిడ్డ. గడి ముంగట ఉన్నవ్."

నేను మొదట ఆయన పరాచికమాడుతున్నాడనుకున్నాను. కారు దొరదే బాపు, దొర చెబితేనే నడుపుతున్న, ఇది అమ్మకానికి చూపించేది అని నచ్చజెప్పబోయాను. ఆయనకు అదేదీ పట్టలేదు. బండి ఎవరిదైతేనేం, దాని మీద కూర్చున్నది ఎవరు అన్నదే లెక్క. ఇంజను ఆపు, దిగి నూకు అన్నాడు. దిగనన్నాను. అప్పుడు ఆయన స్టీరింగు మీద ఉన్న నా మణికట్టు పట్టుకున్నాడు, బాడిశ పట్టిన చెయ్యి, విడిపించుకోవడం నా తరం కాలేదు.

"నీకు బండి గావాల్నా, మేం గావాల్నా?" అన్నాడు.

మేముండే ఇల్లు దొర భూమిలో ఉంది. బాపు పని చేసే కొట్టం దొర భూమిలో ఉంది. బండ్లకు కావలసిన తుమ్మలు, మద్దులు దొర అడవిలోనివి. ఇవన్నీ నాకు తెలుసు, ఆయన చెప్పనక్కర్లేదు. పైకి చూశాను. దొర ఒక్క మాట అంటే సరిపోయేది. కానీయరా, నడుపుకుంటూ రా అని చెయ్యి ఊపినా చాలు, బాపు పక్కకు జరిగేవాడు, కారు గడ్డ ఎక్కేది, బేరం కుదిరేది, దొర కోరుకున్నదీ అదే. ఆయన నన్ను చూశాడు, బాపును చూశాడు, చూస్తూ వెనక్కి ఆనుకున్నాడు. ఒక వడ్రంగి కొడుకు ఒక్కసారి కూర్చుని దాటితే మర్నాటి నుంచి అందరూ కూర్చునే దాటుతారని ఆయనకు తెలుసు. కారు పోయినా పర్వాలేదనుకున్నాడు. ఇంతకంటే వివరంగా ఆ మొహాన్ని నేనిప్పటికీ తలచుకోదలచుకోలేదు.

ఇంజను ఆపాను. దిగాను. ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, తలుపుకు భుజం ఆనించి నూకడం మొదలుపెట్టాను. వెనక నుంచి బాపు నూకాడు, ఇంకొందరు వచ్చి చెయ్యి వేశారు. ఎత్తు మీద, అంత బరువైన కంట్రాక్టరును లోపల కూర్చోబెట్టుకుని, క్షణం కింద గాలిలా పోయిన బండిని చెమటలు కక్కుతూ నూకాం. కంట్రాక్టరుకు ఏమీ పాలుపోలేదు. ఏమైంది, బందుపడిందా, ఎత్తు ఎక్కలేదా అని హిందీలో అడుగుతూనే ఉన్నాడు. ఉస్తాద్ నోరు తెరిచాడు, పైన వరండా కేసి చూశాడు, మూసుకున్నాడు. ఆయనా ఆ జిల్లా మనిషే కదా. గడి దాటాక మళ్ళీ స్టార్ట్ చేసి చూపిస్తానని నేను అంటుండగానే దొర మనిషి ఒకడు మెట్లు దిగి వచ్చాడు.

"దొర గట్లనే లోపటికి నూకుమన్నరు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

అట్లాగే లోపలికి నూకాం. కంట్రాక్టరు దిగి, ధోవతి దులుపుకుని, సడక్ మీద ఉరికి ఎత్తు దగ్గర చచ్చే బండి నాకెందుకు అని జీపెక్కాడు. దొర పై నుంచి నమస్కారం పెట్టి మర్యాదగా సాగనంపాడు. ఆ సాయంత్రం ఇంట్లో నేను అన్న మాటలు ఇక్కడ రాయను. మా అవ్వ చెవులు మూసుకుంది. బాపు మాత్రం ఏమీ జరగనట్టు ఇరుసుకు నూనె పెడుతూ కూర్చున్నాడు. ఆయన నా మీద అరిచి ఉంటే, ఒక దెబ్బ వేసి ఉంటే నా కోపం కొంత ఖర్చయి ఉండేది. ఆయన ఊరుకోవడం నాకు మరింత మంట పుట్టించింది.

కంట్రాక్టరు ఇంకా కరీంనగర్లోనే ఒక సత్రంలో దిగాడని తెలిసి, తెల్లారగానే సైకిలు మీద పోయి కలిశాను. నాకొచ్చిన ఉర్దూలో అంతా చెప్పాను. ఇంజనుకు ఏ రోగమూ లేదు, గడి ముందు మేమెవ్వరం కూర్చుని దాటకూడదు, అందుకే దిగి నూకాం, మీరు ఇంకోసారి వచ్చి చూడండి, బండి మీ చేతికిచ్చి మీరే నడుపుకోండి అని బతిమాలాను. ఆయన చాయ్ తాగుతూ విని, పక్కనున్నవాళ్ళకేసి చూసి నవ్వాడు.

"చల్తీ గాడీకో కౌన్ ధకేల్తా హై భాయ్?" అన్నాడు.

నడిచే బండిని ఎవడు నూకుతాడు. నేనే, నా ఈ భుజంతోనే నూకాను అని చెప్పాను, భుజం మీద కమిలిన చోటు కూడా చూపించాను. నమ్మలేదు. ఉస్తాద్ పనితనం మీద మచ్చ రాకుండా కథ అల్లుకొచ్చావు, తెలివైనవాడివే అని మెచ్చుకుని పంపించాడు. నిజం చెప్పి అబద్ధాలకోరునైన అవమానం ఎలా ఉంటుందో చెప్పలేను. ఆయన్ను మాత్రం ఏమని తిట్టను, ఆయన ఊళ్ళో మనుషులు అలా బతకరు, కాబట్టి ఆయన బుర్రకు అది ఎక్కలేదు. అదే మామూలనుకుని అలా బతికిన మమ్మల్ని తిట్టాలి.

ఆ కారును తర్వాత ఎవరూ కొనలేదు, ఎత్తు ఎక్కదన్న పేరు దానికి పడిపోయింది. నేను కడిగి పెట్టిన జంట కార్బరేటర్లు, వేలితో తిప్పితే తిరిగే ఆ గేర్లు, అన్నీ ఆ కొట్టంలోనే తుప్పు పట్టాయి. సీట్లలో కోళ్ళు గుడ్లు పెట్టాయి. తోలుపట్టా ఎవడో మొలతాడుకు కోసుకుపోయాడు. చివరికి పాత ఇనుము కొనేవాడు సమ్మెటతో విరగ్గొట్టి బండి మీద వేసుకుపోయాడని విన్నాను, ఆ రోజు నేను ఊళ్ళో లేకపోవడం మంచిదైంది, ఉంటే ఎవరి తలో పగిలేది. మనిషి పాడైతే ఏడ్చేవాళ్ళుంటారు, అంత మంచి ఇంజను ఒకడి అహంకారానికి బలైతే ఏడ్చింది మా ఉస్తాద్, నేనూ.

కొన్నేళ్ళకు నాకు బస్సు డిపోలో డ్రైవరు పని దొరికింది, తిరిగి తిరిగి మా ఊరి మీదుగా పోయే రూటే వేశారు. అప్పటికి దొర చనిపోయాడు, వారసులు భూములు తెగనమ్ముకున్నారు, గడికి కిటికీలు లేవు, పైకప్పు వాసాలు కూడా ఎవరెవరో పీకుకుపోయారు, మేడ మీద వరండాలో రావి మొలిచింది. అంటే అక్కడ కూర్చుని చూసేవాడు ఎవడూ లేడు. ఒకనాడు బాపు కంటి డాక్టరు దగ్గరికి పోవాలని నా బస్సు ఎక్కాడు. నా వెనకే ఉన్న సీట్లో కూర్చోబెట్టాను. కొడుకు నడిపే బస్సని ఆయనకు లోలోపల సంతోషం, పక్కవాళ్ళకు చెప్పుకుంటున్నాడు, నేనూ మెల్లగా, కుదుపు లేకుండా నడుపుతున్నాను. గడ్డ ఎక్కుతుండగా అద్దంలో చూస్తే సీటు ఖాళీ. బాపు లేచి, తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని, పైన కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ఆయన వెనక ఇంకో ఇద్దరు ముసలివాళ్ళు కూడా నిలబడి ఉన్నారు.

బస్సు అక్కడే ఆపేశాను. కండక్టరు ఏమైందని అడిగాడు, జనం గొణిగారు. నేను వెనక్కి తిరిగి, ఇన్నేళ్ళుగా లోపల కూరుకుపోయినదంతా గొంతులోకి తెచ్చుకుని అన్నాను.

"కూసో బాపు. నువ్వు కూసుంటెనే బస్సు కదుల్తది."

ఆయన కూర్చోవాలనే చూశాడు. ఒట్టేసి చెబుతున్నాను, ప్రయత్నించాడు. సీటు మీద చెయ్యి వేశాడు, సగం వంగాడు, మళ్ళీ లేచాడు. నా కేసి చూసిన ఆ చూపులో తప్పు చేసి పట్టుబడ్డ పిల్లవాడి భయం ఉంది.

"నేనేం జెయ్యాలెరా. లేవొద్దనే అనుకున్న. కాళ్ళు నా మాట ఇంటలెవ్వు" అన్నాడు.

నేను గేరు వేసి బస్సును పోనిచ్చాను. అప్పటి నుంచి నాకు బాపు మీద కోపం లేదు, ఆ కోపమంతా వడ్డీతో సహా వేరే చోటికి మళ్ళింది, కానీ దాన్ని పోయడానికి ఆ చోట ఒక మనిషి లేడు, కూలిన గోడలు తప్ప. చచ్చినవాడి మీద కోపం ఎక్కడ దించుకుంటాం చెప్పండి.

ఇప్పుడక్కడ గోడలు కూడా లేవు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు గడ్డను యంత్రాలతో చదును చేసి పారేశారు, అక్కడొకప్పుడు ఎత్తుండేదని చెప్పినా ఎవరూ నమ్మరు. కార్లు, ఆటోలు, ట్రాక్టర్లు, ముగ్గురేసి ఎక్కిన మోటారు సైకిళ్ళు, రాత్రనక పగలనక రయ్యిమంటూ పోతుంటాయి, ఎవరూ దిగరు, దిగాల్సిన చోటొకటి ఉండేదని కూడా ఎరుగరు. మంచిదే. మనమంతా కోరుకున్నది ఇదే. ఆ పరుగును చూసినప్పుడల్లా నాకు సంతోషం కలగాలి, కలుగుతుంది కూడా, కానీ దాని వెనకే కోపం వచ్చి కూర్చుంటుంది, ఎందుకంటే మా బాపు ఉన్నన్నాళ్ళూ ఆ దారిన లెక్కలేనన్నిసార్లు వచ్చాడు, పోయాడు. తన కాళ్ళ మీద నిలబడకుండా ఆయన ఆ గడ్డ దాటింది ఒక్కసారే, నలుగురి భుజాల మీద.